ముందు కరెంటు చూడండి, తర్వాతే కార్బొరేటర్ విప్పించండి



ఈసారి పురుగు గురించీ రేటు గురించీ కాదు, బండి గురించి.

మన ఊళ్ళలో పాత మారుతి 800లు, ఓమ్నీ వ్యాన్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. 800 మొదటి కారు 1983 డిసెంబరులో రోడ్డెక్కింది, 2014లో తయారీ ఆగింది. వ్యాను 1984లో వచ్చింది, 2019లో ఆపేశారు. అంటే ఇక ఉన్నవాటితోనే నెట్టుకురావాలి. కూరగాయల బస్తాలకి అదే, పాల క్యాన్లకి అదే, అర్ధరాత్రి ఇంట్లో ఎవరికైనా నొప్పులొస్తే అదే. అలాంటి బండి మిస్ కొడుతూ, ఎత్తు రోడ్డు ఎక్కలేక, మధ్యమధ్యలో టప్పున పేలుతుంటే మనవాళ్ళ నోట వచ్చే మొదటి మాట ఒకటే: "కార్బొరేటర్ విప్పించాలి."

నా మాట వేరు. ముందు కరెంటు చూడాలి. ప్లగ్గులకి కరెంటు సరిగా వస్తోందని తేలాకే పెట్రోలు వైపు వెళ్ళాలి. ఈ వరస తిరగేసినందుకు మన జేబులోంచి పోయే డబ్బు తక్కువేం కాదు. మంచి ఇంజన్లున్న బండ్లు కూడా పాత ఇనుము కొట్టుకి పోతున్నాయి.

మనం వరస ఎందుకు తిరగేస్తామో నాకు తోచింది చెప్తా. మన చేతికి అలవాటైంది డీజిల్. ట్రాక్టరు కానీ, ఆయిల్ ఇంజను కానీ, దాంట్లో ప్లగ్గు మెరవడం అన్నదే లేదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. అది తన్నుకుందంటే ఫిల్టరో, నాజిలో, పైపులో గాలి పట్టడమో, అంతా ఆయిల్ వైపే చూస్తాం. ఎయిర్ తీస్తే దారికొస్తుంది. అదే అలవాటుతో పెట్రోలు బండి బానెట్ ఎత్తి కూడా ఆయిల్ వైపే చూస్తాం. కానీ ఇది వేరే జాతి. బ్యాటరీ ఇచ్చే 12 వోల్టుల కరెంటుని కాయిల్ పది వేల వోల్టులు దాటిస్తుంది. దాన్ని డెల్కో వంతులవారీగా మూడు ప్లగ్గులకి పంచుతుంది. స్లోలో ఇంజను నిమిషానికి 900 చుట్లు తిరుగుతోందనుకుంటే ఒక్కో ప్లగ్గు 450 సార్లు మెరవాలి, మూడూ కలిసి 1350 సార్లు. కాలువ నీళ్ళకి వంతులేసుకుంటాం చూడండి, అలాంటిదే. వంతు తప్పినా కష్టమే, ఒకరి వంతులో ఇంకొకరు మడవ తిప్పినా కష్టమే.

ఇక పేలుడు సంగతి. "బ్యాక్ ఫైర్ వస్తోంది" అని ఒక్క మాట చెప్పి ఊరుకుంటే మెకానిక్‌కి ఏమీ చెప్పనట్టే. ఎక్కడ పేలుతోంది? ముందు కార్బొరేటర్ మూతిలోంచా, వెనక సైలెన్సర్లోంచా? రెండూ ఒకటి కాదు.

సైలెన్సర్లో పేలుతోందంటే సిలిండర్లో కాలకుండా మిగిలిన పెట్రోలు వేడి గొట్టంలోకి వెళ్ళి అక్కడ అంటుకుంటోందన్నమాట. ప్లగ్గు వంతు తప్పినా, టైమింగ్ వెనకబడినా, చోక్ ఇరుక్కుపోయి పెట్రోలు ఎక్కువైనా ఇలాగే అవుతుంది. రేసు వదిలినప్పుడు, దిగుడులో వస్తున్నప్పుడు మాత్రమే పేలుతుంటే ముందు సైలెన్సర్ గొట్టానికి చిల్లు ఉందేమో, ఇంజను దగ్గర గ్యాస్కెట్ పోయిందేమో చూడండి. బయటి గాలి లోపలికి పోయి ఆ పని చేస్తుంది.

కార్బొరేటర్ వైపు పేలుతోందంటే మంట వెనక్కి తన్నుతోందన్నమాట. కొత్త మిశ్రమం లోపలికొచ్చే వాల్వు తెరుచుకునే వేళకి లోపల ఇంకా మంట ఉంది. పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైతే ఇలా జరుగుతుంది. చొప్ప పలచగా పరిచి నిప్పంటిస్తే మంట మెల్లగా పాకుతుంది కదా, సిలిండర్లో కూడా అంతే. వైర్లు ఒకదాని బదులు ఒకటి పెట్టినా, టైమింగ్ బాగా తప్పినా, ఆ వాల్వు సరిగా మూసుకోకపోయినా వెనక్కే తంతుంది. నిన్నటిదాకా బాగా ఉన్న బండి ప్లగ్గులు మార్చిన రోజే పేలడం మొదలెట్టిందంటే ఇంకేం వెతకక్కర్లేదు, వైర్లు తారుమారయ్యాయి. వైరు తీసేముందే డెల్కో మూత మీదా వైరు మీదా పెయింటుతో ఒక గుర్తు, రెండు గుర్తులు, మూడు గుర్తులు పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు.

ఎక్కడ అన్నది అయింది. ఎప్పుడు అన్నది దానికంటే ముఖ్యం. ఇక్కడే మనం, మెకానిక్ ఇద్దరం దెబ్బతింటాం.

చలికాలం తెల్లవారుజామున నాలుగింటికి కూరగాయలేసుకుని బయల్దేరతాం. మంచు కురుస్తుంటుంది. బండి ఎక్కెక్కి ఏడుస్తుంది, టప్పు టప్పుమంటుంది, మార్కెట్టుకి చేరేసరికి ప్రాణం పోతుంది. సరుకు దించి, టీ తాగి, పదకొండింటికి మెకానిక్ దగ్గరికి పోతే బండి బంగారంలా నడుస్తుంది. అతనేం చేస్తాడు పాపం? ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి కార్బొరేటర్ విప్పుతాడు. మర్నాడు తెల్లవారుజామున మళ్ళీ అదే పాట. నేనంటాను, పొద్దున మంచులో మిస్ కొట్టి ఎండెక్కాక బాగుపడే బండికి కార్బొరేటర్ ముట్టుకోవద్దు. డెల్కో మూత తీసి లోపల చెమ్మ ఉందేమో చూడండి. పొడిగుడ్డతో తుడిచి, వెలుతురులో తిప్పుతూ చూడండి. వెంట్రుకంత పగులు గానీ, పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్ల గీత గానీ కనిపించిందా, దొంగ దొరికినట్టే. కరెంటు ప్లగ్గు దాకా పోకుండా ఆ గీత వెంట పారిపోతోంది. గీత గీకితే పోదు, మూత మార్చాల్సిందే.

మా మండలంలో ఒక రైతు ఓమ్నీ ఇలాగే మూడు షెడ్లు తిరిగింది. రెండుసార్లు కార్బొరేటర్ కిట్టు వేశారు. విసిగిపోయి వచ్చినకాడికి అమ్మేశాడు. కొనుక్కున్నవాడు డెల్కో మూత, ప్లగ్గు వైర్లు మార్చి ఇప్పటికీ టమాటాలు తోలుతున్నాడు. కార్బొరేటర్ అప్పటికే రెండుసార్లు కొత్తదైంది కాబట్టి వాడికి ఆ ఖర్చూ తప్పింది!

చీకట్లో చేసే పరీక్ష ఒకటుంది, పైసా ఖర్చు లేదు. రాత్రిపూట దీపం తీసేసి, ఇంజను స్టార్ట్ చేసి, బానెట్ ఎత్తి చూడండి. ఓమ్నీకైతే ముందు సీటు ఎత్తాలి, ఇంజను దాని కిందే కదా. చెయ్యి పెట్టొద్దు, లుంగీ గానీ కండువా గానీ ఫ్యాను దగ్గరికి పోనివ్వద్దు, చూడటం వరకే. వైరు ఇన్సులేషన్ పాడైతే సన్నటి నీలం మెరుపులు వైరు మీదనుంచి ఇనుము మీదకి దూకుతూ కనిపిస్తాయి. వైర్లు పాడవడానికి వయసొకటే కారణం కాదు. వడ్ల బస్తాల పక్కన బండి పెట్టేవాళ్ళకి చెప్తున్నా, వెచ్చగా ఉందని ఎలుక ఇంజను మీదకి చేరుతుంది. వైరు పైకి బాగానే కనపడి అడుగున కొరికి ఉంటుంది. వేలితో పొడుగునా తడిమి చూడాలి, ఇంజను ఆపాకే.

దీనికి తిరగబడ్డ రోగం ఇంకొకటి. చల్లగా ఉన్నప్పుడు బండి బాగుంటుంది. అరగంట నడిచాక మిస్ మొదలై, చివరికి ఆగిపోతుంది. పావుగంట చెట్టు కింద నిలబెడితే మళ్ళీ స్టార్టవుతుంది. ఇది వేడెక్కితే మొండికేసే కాయిల్ అయినా కావచ్చు, ఎండాకాలంలో పంపు దగ్గర పెట్రోలు ఆవిరైపోవడమైనా కావచ్చు. రెంటికీ తేడా తెలియాలంటే బండి ఆగిన చోటే, ఆగిన నిమిషంలోనే కరెంటు చూడాలి. ఒక మంచి ప్లగ్గు టూల్ పెట్టెలో ఉంచుకోండి. వైరు కొసకి ఆ ప్లగ్గు తగిలించి, దాని ఇనుప ఒళ్ళు ఇంజను ఇనుముకి ఆనేలా పెట్టి, పట్టుకోకుండా వదిలేసి, ఇంకొకర్ని సెల్ఫ్ కొట్టమనండి. దగ్గర్లో పెట్రోలు తడి ఉండకూడదు. చిటచిటమంటూ నీలంగా మెరిస్తే కరెంటు బాగుంది, పెట్రోలు సంగతి చూడండి. ఎర్రగా బలహీనంగా ఉన్నా, అసలు లేకపోయినా కాయిల్ వైపు వెళ్ళండి. చల్లారాక చూస్తే లాభం లేదు, అప్పటికి అంతా బాగానే ఉంటుంది.

ఎప్పుడూ ఒకే తాళంలో మిస్ కొడుతుంటే ఒక సిలిండరు పని చెయ్యట్లేదని అర్థం. ఏదో కనుక్కోవడానికి ఇంజను ఆపి ఒక వైరు తీసి, ఇందాక చెప్పిన ఖాళీ ప్లగ్గు దానికి తగిలించి ఇనుముకి ఆనించి, స్టార్ట్ చేసి పది సెకన్లు వినండి. ఇంజను ఇంకా కుంటితే ఆ సిలిండరు మంచిదే. ఏ వైరు తీసినా తీయకపోయినా తేడా రాని సిలిండరు ఉందే, రోగం దాంట్లో ఉంది. నడుస్తున్న ఇంజను మీద వైరు చేత్తో లాగే మొనగాళ్ళున్నారు. పాయింట్ల బండి అయితే షాకుతో సరిపోతుంది, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ బండి అయితే ఆ సామానే కాలిపోవచ్చు.

ఏ సిలిండరో తెలిశాక దాని ప్లగ్గు పక్క సిలిండరుకి మార్చండి. మిస్ కూడా పక్కకి పోతే ప్లగ్గుది తప్పు, వందా రెండొందల్లో అయిపోయే పని. ప్లగ్గు మారినా రోగం అక్కడే ఉంటే వైరు చూడండి. ప్లగ్గు తీసినప్పుడు దాని మొహం కూడా చదవండి. బిస్కెట్ రంగులో ఉంటే ఆరోగ్యం. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ, లేదా మెరుపు తక్కువ. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే గాలి ఎక్కువ. నూనె జిడ్డుతో తడిగా ఉంటే ఇంజను ఆయిల్ తాగుతోంది. మూడూ ఒకే రంగులో ఉంటే రోగం మూడింటికీ ఉమ్మడిగా ఉన్నచోట, అంటే కార్బొరేటరో కాయిలో టైమింగో. ఒక్కటే తేడాగా ఉంటే కార్బొరేటర్ జోలికి పోవద్దు. మూడు మళ్ళకీ ఒకటే బోరు నీళ్ళు పోతుంటే ఒక్క మడే ఎండితే బోరుని తిడతామా?

ప్లగ్గు గ్యాప్ 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు. పాయింట్లున్న పాత బండికి పాయింట్ల గ్యాప్ 0.4 నుంచి 0.5. పాయింటు మడమ అరిగేకొద్దీ గ్యాప్ తగ్గి, టైమింగ్ దానంతటదే వెనకబడుతుంది. పిక్కప్ పోయి, ఇంజను వేడెక్కి, సైలెన్సర్లో పేలడం మొదలవుతుంది. పాయింట్లు మార్చిన కొన్నాళ్ళకే మళ్ళీ కాలిపోతుంటే కండెన్సర్ పోయిందేమో చూడమనండి.

ఇంతా చూశాకే పెట్రోలు వైపు. అక్కడ కూడా కార్బొరేటర్ చివర్లోనే. ముందు ఫిల్టరు. తర్వాత కార్బొరేటర్ కింది గ్యాస్కెట్, చుట్టూ ఉన్న రబ్బరు పైపులు. పైపు పగిలి గాలి పీలుస్తుంటే స్లోలో సన్నగా ఈల వినిపిస్తుంది. పైపుని వేళ్ళతో నొక్కిపట్టగానే ఇంజను కుదురుకుంటే రోగం అక్కడే. స్లోలో ఆగిపోతూ రేసిస్తే మాత్రం నడిచే బండికి కార్బొరేటర్ మీద ఒక చిన్న సోలినాయిడ్ ఉంటుంది, దాని వైరు ఊడిందేమో చూడండి. వైరు గుచ్చితే అయిపోయే పనికి మొత్తం విప్పిన సందర్భాలు నాకు తెలుసు.

ఇప్పుడు బంకుల్లో వస్తున్న పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ ఉంది. చెరుకు నుంచీ, నూకల నుంచీ, మొక్కజొన్న నుంచీ తీస్తారు. మనం అమ్మిన మొక్కజొన్నే మన ట్యాంకులోకి తిరిగొస్తోంది, రేటు నిలబడితే మంచిదే. కానీ ఈ పాత బండ్లు దానికోసం తయారైనవి కావు. ఇథనాల్లో ఆక్సిజన్ కలిసే ఉంటుంది కాబట్టి పాత జెట్లతో మిశ్రమం కొంచెం పలచబడుతుంది. అంతకుముందే గాలి పీలుస్తున్న బండి అయితే ఇప్పుడు వెనక్కి తన్నడం మొదలెడుతుంది. పాత రబ్బరు పైపులు మెత్తబడతాయి. నెలల తరబడి నిలబెట్టిన బండిలో నీరు చేరి అడుక్కి దిగుతుంది. అనుమానమొస్తే ట్యాంకు అడుగునుంచి కాస్త గాజు సీసాలోకి తీసి కదపకుండా ఉంచండి, కింద వేరే పొర కడితే తెలిసిపోతుంది. ఆ పెట్రోలు తీసేసి, పైపులు కొత్తవి వేయించి, ఆ తర్వాత కార్బొరేటర్ ట్యూనింగ్ చేయించండి. అప్పుడు దానికి పెట్టిన డబ్బుకి అర్థముంది.

డబ్బు సంగతి అలా ఉంచండి, ఒళ్ళు సంగతి చూడండి. స్టార్ట్ కావట్లేదని ఎయిర్ ఫిల్టర్ తీసేసి, సీసా మూతతో కార్బొరేటర్ నోట్లో పెట్రోలు పోసి సెల్ఫ్ కొట్టడం మన దగ్గర మామూలైపోయింది. వెనక్కి తన్నే బండికి ఆ పని చేస్తే మంట నేరుగా మొహానికి వస్తుంది. చేతిలో సీసా కూడా పెట్రోలుదే. ఓమ్నీలో అయితే ఇదంతా సీట్ల మధ్య జరిగే వ్యవహారం. ఎయిర్ ఫిల్టర్ డబ్బా దుమ్మునే కాదు, ఆ మంటని కూడా ఆపుతుంది. అది బిగించకుండా సెల్ఫ్ కొట్టనివ్వకండి, ఎంత తెలిసిన మెకానిక్ అయినా సరే.

గ్యాస్ కిట్టు ఉన్నవాళ్ళు ఇంకా జాగ్రత్త. గ్యాస్ అంటుకోవడానికి కరెంటు బలంగా ఉండాలి, పేలితే దెబ్బ కూడా పెద్దది, ఫిల్టర్ డబ్బా చీలిపోతుంది. గ్యాస్ బండికి ప్లగ్గులు, వైర్లు పెట్రోలు బండికంటే ముందే మార్చుకోవాలి. వంట సిలిండర్ పెట్టి తిప్పేవాళ్ళకి నేను చెప్పేదేమీ లేదు. అది చట్టానికీ విరుద్ధం, ప్రాణానికీ విరుద్ధం. కన్వర్టర్ ఉన్న ఇంజెక్షన్ బండ్లవాళ్ళు మిస్ కొడుతున్న బండిని ఎండుగడ్డి మీదా, కళ్ళంలో చొప్ప మీదా ఆపకండి. కాలని పెట్రోలు కన్వర్టర్లోకి పోయి కాలితే బండి అడుగు విపరీతంగా వేడెక్కుతుంది.

మెకానిక్‌ల మీద నాకు కోపం లేదు. కార్బొరేటర్ బండి మీద చెయ్యి తిరిగినవాళ్ళు తగ్గిపోతున్నారు, ఉన్నవాళ్ళ దగ్గర రోజుకి పది బండ్లు. మనం చెప్పకపోతే వాళ్ళకి వెతికే తీరిక లేదు. అందుకే బండి ఇచ్చేటప్పుడు ఎక్కడ పేలుతోంది, ఎప్పుడు పేలుతోంది, ఏ సిలిండరు పడిపోయింది, ఈమధ్య ఏం మార్చాం, ఇవన్నీ చెప్పండి. ఒక్కసారికి ఒక్క సామానే మార్చమనండి. మూడు కలిపి మారిస్తే రోగం దేనితో పోయిందో ఆ దేవుడికే తెలియాలి. తీసిన పాత సామాను చేతికివ్వమనండి. "ఇది పోయింది" అంటే ఎలా పోయిందో చూపించమనండి. పగులు గానీ, కాలిన గుర్తు గానీ, నల్ల గీత గానీ చూపించలేకపోతే నేనైతే ఆ సామానుకి డబ్బివ్వను. చూపించి చెప్పే మనిషికి మాత్రం కూలీ ఒక రూపాయి ఎక్కువైనా బేరమాడను.

కరెంటు బాగుండి, పెట్రోలు బాగుండి, అదే సిలిండరు ఇంకా పడిపోతుంటే కంప్రెషన్ కొలిపించాలి. మూడింట్లో ఒకటి బాగా తక్కువొస్తే ఆ ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఇంజను ఆయిల్ పోసి మళ్ళీ కొలవమనండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. రింగులంటే బోరు పని, అప్పుడు బండి ఎంత చేస్తుంది, పనికి ఎంతవుతుంది అని లెక్కేసుకుని అమ్మడమో ఉంచడమో చూసుకోవచ్చు. వాల్వులంటే మాత్రం వెంటనే హెడ్డు దించనివ్వకండి. ముందు ట్యాపెట్లు చూడమనండి. వాల్వు అరిగేకొద్దీ గ్యాప్ తగ్గి బిగుసుకుపోతుంది, అప్పుడు వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ పోతుంది. స్క్రూ సరిచేస్తే దారికొచ్చిన ఇంజన్లు చాలా ఉన్నాయి. ఆ గ్యాప్ చల్లారిన ఇంజను మీద కొలవాలి, కాబట్టి బండి ముందురోజు సాయంత్రమే షెడ్డులో వదిలి, పొద్దున స్టార్ట్ చెయ్యకముందే చూడమని చెప్పి రండి.